తరగతికి ఏ పుస్తకం?

తరగతిలో చదివించే పుస్తకాన్ని అట్ట చూసో, చివర్లో నీతి ఉందనో ఎంచకండి. ముందు ఒక పేజీ పైకి చదవండి. మీ నాలుక తడబడిన చోటే పిల్లలూ ఆగుతారు.

‘రైలుబడి’ సంగతే చూడండి. టెట్సుకో కురొయనాగి రాసిన జపాను పుస్తకం, 1981 నాటిది. పాత రైలుపెట్టెల్లో నడిచే బడి. అధ్యాయాలు చిన్నవి, ఒక పీరియడ్‌లో రెండు మూడు అయిపోతాయి. ఆ బడిలో చదివే పాప తొత్తోచాన్, పోలియో సోకిన స్నేహితుణ్ణి నానా తంటాలు పడి చెట్టెక్కించే ఘట్టం పైకి చదవడానికే పుట్టినట్టుంటుంది. కానీ తర్వాత ఆ అబ్బాయి చనిపోతాడు. యుద్ధంలో బాంబులు పడి బడి కాలిపోతుంది. అందుకే టీచరు పుస్తకమంతా ముందే చదవాలి, ఆ పేజీలు దాటేయడానికి కాదు, వచ్చే ప్రశ్నలకు సిద్ధపడడానికి.

దాని మీద పరీక్ష మాత్రం పెట్టకండి, దయచేసి.