ఎత్తు పెంచు శస్త్రచికిత్స: తెలిసికొనదగిన విషయములు

(హోసూరున మన సంఘ యువజన సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవారము. అయినను నేడు ఎముకల వైద్యమును గూర్చి మాటలాడ సాహసించుటకు కారణము కలదు.

కొన్ని మాసముల క్రిందట మన కుటుంబములలోని ఒక తండ్రి మాయొద్దకు వచ్చి, దుకాణములో తన భాగమును తాకట్టు పెట్టవలెను, అప్పిచ్చువారిని చూపుడని కోరెను. ఎందులకని అడుగగా, కుమారుడు కాళ్లు పొడుగు చేయించుకొనగోరుచున్నాడని చెప్పి కంటతడి పెట్టెను. ఆ అబ్బాయికి 24 ఏండ్లు. ఎత్తు 5 అడుగుల 3 అంగుళములు. ఆరోగ్యవంతుడు, పనిమంతుడు. ఎత్తు చాలదని రెండు సంబంధములు తప్పిపోయినవి. ఆ రెండును మన సంఘపు వధూవరుల పట్టీ ద్వారా వచ్చినవే. ఆ పట్టీలో ‘ఎత్తు’ అను గడిని గీసినవారము మేమే. కావున విషయమును విచారించుట మాకు విధియైనది. తెలిసికొన్నంతవరకు మీ ముందుంచుచున్నాము.

ఈ చికిత్స అందము కొరకు పుట్టినది కాదు. ఇటలీలోని బొలోన్యా నగర వైద్యుడు కొడివిల్లా 1905లోనే ఎముకను సాగదీయు పద్ధతిని ప్రకటించెను. దానిని క్రమమార్గమునకు తెచ్చిన మహనీయుడు సోవియట్ రష్యాలోని కుర్గాన్ పట్టణమున పనిచేసిన ఇలిజారోవ్. 1950వ దశకము నుండి ఆయన విరిగి అతుకని కాళ్లకు, పొట్టియైపోయిన కాళ్లకు చికిత్స చేసెను. 1980లో కార్లో మౌరి అను ఇటలీ పర్వతారోహకుడు ఏండ్లతరబడి బాధించిన కాలితో అక్కడికి వెళ్లి బాగుపడి వచ్చెను. అది చూచి ఆశ్చర్యపడిన ఇటలీ వైద్యులు మరుసటి ఏడు ఇలిజారోవును తమ దేశమునకు పిలిపించుకొనిరి. ప్రమాదమువలననో, పోలియోవలననో, పుట్టుకతోనో ఒక కాలు పొట్టియైనవారికి ఈ విద్య నేటికిని వరమే. అట్టివారు మనలో ఉన్నచో సంకోచింపక మంచి వైద్యుని చూడవలెను. రెండు కాళ్లును చక్కగా ఉన్నవాడు రెండంగుళముల కొరకు వాటిని కోయించుకొనుట వేరు సంగతి.

ఇక పద్ధతి వినుడు. తొడయెముకనో, మోకాలి క్రింది యెముకనో అడ్డముగా కోయుదురు. కాలి చుట్టు లోహపు వలయములను అమర్చి, సన్నని కడ్డీలను చర్మముగుండ ఎముకలోనికి దూర్చి బిగింతురు. నేడు ఎముక మూలుగుబోలులోనే కడ్డీ నుంచి, వెలుపలినుండి అయస్కాంతముతో సాగించు విధానమును వచ్చినది. కొన్ని దినములు ఆగిన పిమ్మట దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున, అదియును నాలుగు విడతలుగా, కోసిన కొనలను ఎడముచేయుదురు. ఆ ఎడములో క్రొత్త ఎముక పుట్టును. తొందరపడి సాగదీసినచో ఎముక పట్టదు. మరీ ఆలస్యము చేసినచో ముందే అతుకుకొని సాగుట నిలిచిపోవును.

లెక్క కట్టుడు. 5 సెంటీమీటర్లు, అనగా రెండంగుళములకు కొంచెము తక్కువ, సాగుటకు 50 దినములు కావలెను. అంతటితో తీరదు. క్రొత్త ఎముక గట్టిపడుటకు అంతకు రెండింతలో, మించియో కాలము పట్టును. ఆ మాసములన్నియు చేతికఱ్ఱలో, చక్రముల కుర్చీయో, ప్రతిదినము నొప్పితో కూడిన కాలి వ్యాయామమో తప్పవు. లోపలి కడ్డీని తీసివేయుటకు తరువాత మరల శస్త్రచికిత్స. మునుపటివలె పరుగెత్తుటకు ఏడాది పట్టుట సాధారణము. కొందరికి ఆ పరుగు తిరిగి రాదు.

ఎముక సాగినంత సులభముగా కండరములును నరములును సాగవు. చిక్కంతయు ఇచ్చటనే కలదు. మడమవెనుక స్నాయువు బిగిసి మడమ నేలనంటకపోవచ్చును. మోకాలు ముడువరాకపోవచ్చును. నరము దెబ్బతిని పాదము వ్రేలాడవచ్చును. కడ్డీలు దూర్చినచోట చీము పట్టవచ్చును. ఎముక వంకరగా అతుకవచ్చును, అసలు అతుకకయు పోవచ్చును. అరుదుగా మూలుగులోని క్రొవ్వుగాని, గడ్డకట్టిన నెత్తురుగాని ఊపిరితిత్తులను చేరి ప్రాణముమీదికి తెచ్చును. పొగ త్రాగువారికి ఎముక అతుకుట మరింత ఆలస్యమగును. చైనా ప్రభుత్వము 2006లో అందము కొరకు చేయు ఈ చికిత్సను నిషేధించెను.

వ్యాపారులము గనుక పద్దును కూడ చూతము. ఖర్చు లక్షలలో ఉండును. సాధారణ ఆరోగ్య భీమా అందము కొరకైన చికిత్సకు పైకమియ్యదు. ఏడాదిపాటు పనికి పోలేని నష్టమును, తోడుండు తల్లి శ్రమను ఏ పద్దులో వ్రాయుదము? చిక్కు వచ్చినచో మరల చేయు చికిత్సల వెల ముందుగా ఎవరును చెప్పలేరు. మొత్తము తెలియని బేరమునకు మనలో ఎవ్వడును బయానా ఇయ్యడు గదా!

చౌకదారి కలదని పత్రికలలోను, ఫోనులలోను పొడులు, మాత్రలు అమ్మువారు కలరు. యౌవనము ముగియుసరికి ఎముకల పెరుగుపట్లు మూసికొనిపోవును. ఆ పిమ్మట ఏ పొడియు ఎత్తు పెంచలేదు. మందుతో ఎత్తు పెంచెదమని ప్రకటించుట 1954 నాటి ఔషధ, ఇంద్రజాల చికిత్సల చట్టము క్రింద నేరము.

2016లో హైదరాబాదున ఒక యువకుడు ఇంట చెప్పకుండ ఈ చికిత్స చేయించుకొనెను. కొడుకు కనబడలేదని వెదకిన తల్లిదండ్రులకు ఆసుపత్రి పడకపై కనబడెను. విషయము వైద్యమండలి విచారణ వరకు పోయెను. పదునెనిమిదేండ్లు నిండినవాని సమ్మతికి తండ్రి సంతకము అక్కరలేదు. కాని ఆ ఏడాది వానిని లేపి కూర్చుండబెట్టవలసినది ఇంటివారే.

సమ్మతి మాట వచ్చినది గనుక మనకు ముఖ్యమైన సంగతి చెప్పెదము. చికిత్స స్వరూపమును, ప్రత్యామ్నాయములను, అపాయములను రోగికి తెలియజెప్పి పొందినదే నిజమైన సమ్మతి యని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది. ఆ తండ్రితోను కుమారునితోను కలిసి మేము బెంగళూరు పోయితిమి. వైద్యుడు సజ్జనుడు, దాచక అన్నియు చెప్పెను, అయితే ఇంగ్లీషున. సమ్మతిపత్రము ఇంగ్లీషున, కన్నడమున ఉండెను. మన పిల్లలు తమిళము చదివినవారు, మన తల్లులు తెలుగు తప్ప ఎరుగరు. మేము ఒక్కొక్క వాక్యమును ఆపించి తెలుగున చెప్పించుకొంటిమి. ‘నరము దెబ్బతినుట’ అను మాటను తన భాషలో విన్నప్పుడే ఆ తల్లి ముఖము మారెను. ఏ ఆసుపత్రికి పోయినను, ఏ చికిత్సకైనను, అర్థముకాని కాగితముపై చేవ్రాలు చేయకుడు. అడుగుట అవమానము కాదు.

ఇట్టివి ఎన్ని చేసితిరి, ఎందరికి చిక్కులు వచ్చినవి, పాదము బలహీనపడినచో సాగదీయుట ఆపెదరా, కడ్డీ తీయుటతో సహా మొత్తమెంత — ఇవి వైద్యుని తప్పక అడుగుడు. అన్నిటికంటె ముందు మనోవైద్యుని ఒకసారి చూడుడు. బాధ కాలిలో కాక మనసులో ఉన్నచో కాలు కోసినంత మాత్రాన తీరదు.

మన భాషకై 1952లో 58 దినములు నిరశన చేసి ప్రాణమిచ్చిన శ్రీరాములుగారి ఇంటిపేరు పొట్టి. ఆ పేరు విని నవ్వినవాడు నేడొక్కడును లేడు.

ఆ యువకుడు ఇంకను నిశ్చయించుకొనలేదు. నిశ్చయము వానిది. ఎట్లు నిశ్చయించుకొన్నను వాడు మనవాడే. చేయించుకొనివచ్చినను హేళన చేయకుడు. కాని వానిని అచటికి త్రోసినది మన చూపే యని మేము ఒప్పుకొనుచున్నాము. వధూవరుల పట్టీనుండి ‘ఎత్తు’ అను గడిని తొలగింపవలెనని రాబోవు సర్వసభ్య సమావేశమున తీర్మానము ప్రవేశపెట్టుచున్నాము. చూడవచ్చినవారు కన్నులతో చూచుకొందురు. మనము కొలత కఱ్ఱ అందీయ నక్కరలేదు. అందరును వచ్చి బలపరుపుడు.