మెకానిక్ సారు కావాలి



ఈ రోజు మాట బడి గురించి. హైస్కూల్లో తెలుగు చెప్పే టీచరు ఉంటారు. లెక్కలు చెప్పే సారు ఉంటారు. మరి బండి విప్పి, బాగు చేసి, మళ్లీ బిగించడం నేర్పే సారు ఉంటారా? కొన్ని బళ్లలో ఉంటారు.

సమగ్ర శిక్ష అనే పథకం 2018లో మొదలైంది. ఆ పథకం కింద కొన్ని సర్కారు హైస్కూళ్లలో 9వ తరగతి నుండి వృత్తి విద్య నేర్పుతున్నారు. ఒక బడిలో వ్యవసాయం. ఒక బడిలో కుట్టుపని. ఇంకో బడిలో మోటారు బండ్ల పని. పిల్లలు మామూలు పాఠాలు చదువుతారు. వాటితో పాటు చేతిపని కూడా నేర్చుకుంటారు.

ఇది మంచి చదువే. కానీ నేర్పే సారు వెళ్లిపోతే?

ఒక ఊరు అనుకోండి. ఆ ఊరి హైస్కూల్లో మోటారు పని నేర్పే సారు ఉండేవాడు. పట్నంలో ఎక్కువ జీతం దొరికింది. వెళ్లిపోయాడు. ఆ గదికి తాళం పడింది. లోపల ఒక పాత ఇంజను ఉంది. పానాలు ఉన్నాయి. వాడేవారు లేక తుప్పు పడుతున్నాయి.

ఆ ఊళ్లో పాలు అమ్మే ఒక తల్లి ఉంది. ఆమె కూతురు పదో తరగతి. ఆ పిల్లకు బండి పని అంటే ఇష్టం. ఇంట్లో మోపెడ్ ఆగిపోతే ప్లగ్గు విప్పి తుడిచింది. బండి కదిలింది. తల్లి పాల క్యాన్లు వేళకు కేంద్రానికి చేరాయి. ఇప్పుడా పిల్లకు నేర్పేవారు లేరు.

తల్లి బడికి వెళ్లింది.

"సారూ, కొత్త సారు ఎప్పుడొస్తాడు?" అని అడిగింది.

"పైకి రాశామమ్మా. మనిషి దొరకడం లేదు" అన్నాడు హెడ్మాస్టరు.

"అదేంటి సారూ? రోడ్డు పొడుగునా మెకానిక్ షెడ్లే కదా! మనిషి దొరక్కపోవడమేంటి?"

ఆ తల్లి అడిగింది మంచి ప్రశ్న. మెకానిక్కులు చాలామంది ఉన్నారు. మెకానిక్ సార్లు మాత్రం తక్కువ. ఎందుకు?

మొదటి కారణం. ఈ పనికి రెండు విద్యలు కావాలి. ఒకటి చేతి విద్య. రెండోది నేర్పే విద్య. కుట్టుమిషను బాగా తొక్కే ఆమెను చూడండి. చకచకా జాకెట్టు కుట్టేస్తుంది. "నాకూ నేర్పు" అంటే, "చూసి నేర్చుకో" అంటుంది. పని వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. అలాగే పుస్తకం చదివినంత మాత్రాన పని రాదు. ఇంజను బొమ్మ నల్లబల్ల మీద అందంగా గీసే మనిషి, బిగుసుకున్న నట్టు విప్పలేకపోవచ్చు. రెండూ ఒక్కరిలో ఉండడం అరుదు.

రెండో కారణం కాగితం. షెడ్డులో ఇరవై ఏళ్లు పని చేసిన మేస్త్రీకి చెయ్యి తిరిగి ఉంటుంది. చప్పుడు విని రోగం చెబుతాడు. కానీ చిన్నప్పుడే బడి మాని పనిలో చేరి ఉంటాడు. సర్టిఫికెట్టు ఉండదు. సర్టిఫికెట్టు లేనిదే బడిలో ఉద్యోగం ఇవ్వరు.

మూడో కారణం డబ్బు. రెండు విద్యలూ వచ్చి, కాగితమూ ఉన్నవాడికి బయట గిరాకీ ఎక్కువ. షోరూములు పిలుస్తాయి. కంపెనీలు పిలుస్తాయి. బడిలో చాలా చోట్ల ఇది కాంట్రాక్టు పని. వచ్చే ఏడు ఉంటుందో లేదో తెలియదు. అందుకని వచ్చినవాళ్లు కూడా నిలవరు.

ఈ చిక్కు ఈ దేశంలోదే కాదు. అమెరికా దేశంలోనూ ఉంది. అక్కడ హైస్కూళ్లలో కార్ల పని నేర్పడం పాత అలవాటు. చేతిపనుల చదువుకు ప్రభుత్వ డబ్బు ఇచ్చే చట్టం అక్కడ 1917లోనే వచ్చింది. చాలాకాలం మగపిల్లలను కార్ల గదికి పంపేవారు. ఆడపిల్లలను వంట గదికి పంపేవారు. 1972లో ఇంకో చట్టం వచ్చింది. చదువులో ఆడా మగా తేడా చూపరాదు అన్నది. ఆ తర్వాత కార్ల గది తలుపు ఆడపిల్లలకూ తెరుచుకుంది.

అక్కడా ముసలి సారు రిటైరైతే కొత్త సారు సులువుగా దొరకడు. మంచి మెకానిక్కు గ్యారేజీలోనే ఎక్కువ సంపాదిస్తాడు. అందుకు అక్కడ చాలా రాష్ట్రాలు ఒక దారి చూపాయి. కొన్నేళ్లు పని చేసిన మెకానిక్కును ముందు బడిలో చేర్చుకుంటారు. అతని పని అనుభవాన్నే అర్హతగా లెక్కిస్తారు. పాఠం చెప్పే పద్ధతి అతనికి తర్వాత నేర్పుతారు. అంటే, పని వచ్చినవాడిని పట్టుకుని పంతులుగా తయారు చేస్తారు.

మరి ఇక్కడ ఎవరిని వెతకాలి?

ఒకటి, ఐటిఐ చదివినవారు. ఐటిఐ చదువు ఈ దేశంలో 1950లో మొదలైంది. అందులో మోటారు మెకానిక్ చదువు రెండేళ్లు. ఆ తర్వాత ఇంకో ఏడాది శిక్షణ ఉంది. అది నేర్పడం నేర్పే శిక్షణ. హైదరాబాదు విద్యానగర్‌లో ఇలా బోధకులను తయారు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది.

రెండు, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదివినవారు. అది మూడేళ్ల చదువు.

మూడు, ఆర్టీసీలో రిటైరైన మెకానిక్కులు. డిపోలో గ్యారేజీ ఉంటుంది. అక్కడ ఏళ్ల తరబడి బస్సులు బాగు చేసినవారు ఉంటారు. సైన్యంలో బండ్లు బాగు చేసి ఇంటికి వచ్చినవారూ ఉంటారు. పూర్తి ఉద్యోగానికి వీరికి వయసు దాటి ఉండవచ్చు. కానీ కొత్త సారు వచ్చేదాకా వారానికి రెండు రోజులు వచ్చి నేర్పవచ్చు. బయటి నిపుణులను పిలిచి పాఠం చెప్పించే వీలు పథకంలోనే ఉంది.

అయితే ఒక జాగ్రత్త. "ఎవరో ఒకరు వస్తే చాలు" అనుకోకూడదు. ఇది ప్రాణాలతో పని. జాకీ మీద లేపిన బండి జారితే కింద ఉన్న పిల్లవాడు నలిగిపోతాడు. బ్యాటరీలో యాసిడ్ ఉంటుంది. కంట్లో పడితే చూపు పోతుంది. బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టినప్పుడు ఒక వాయువు పుడుతుంది. నిప్పు తగిలితే అది పేలుతుంది. తలుపులు మూసిన గదిలో ఇంజను నడిపితే విషపు పొగ నిండుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

అందుకని కొత్త సారు వచ్చాక తల్లులు బడికి వెళ్లి చూడాలి. ఏం చూడాలి?

బండి లేపాక దాని కింద గట్టి స్టాండు పెడుతున్నాడా? ఇంజను నడిపేటప్పుడు తలుపులు, కిటికీలు తీస్తున్నాడా? చున్నీ, జడ వేలాడకుండా కట్టుకోమని ఆడపిల్లలకు చెబుతున్నాడా? పానా పిల్లల చేతికి ఇస్తున్నాడా, లేక తానే చేసి చూపించి ఊరుకుంటున్నాడా? ఆడపిల్లలను వెనక నిలబెట్టి చీపురు ఇస్తున్నాడా, ముందుకు పిలిచి పానా ఇస్తున్నాడా?

ఇవి చూడడానికి ఇంజను చదువు అక్కరలేదు. కళ్లుంటే చాలు.

ఇక అడగడం ఎలా? పాలు అమ్మే తల్లి ఒక్కతే వెళ్లింది. జవాబు ఒక్క మాటలో వచ్చింది. నోటి మాట గాలికి పోతుంది. కాగితం నిలుస్తుంది. 2009లో వచ్చిన విద్యా హక్కు చట్టం ఒక మాట చెప్పింది. సర్కారు బడి కమిటీలో సగం మంది ఆడవారు ఉండాలి. ఆ చట్టం 8వ తరగతి దాకానే. కానీ హైస్కూలుకు కూడా కమిటీ ఉంటుంది. తల్లులంతా కలిసి ఇలా అర్జీ రాసి, ఆ కమిటీలో చదివించవచ్చు.

హెడ్మాస్టరు గారికి,

మా బడిలో మోటారు పని నేర్పే సారు లేరు. పాఠాలు జరగడం లేదు. మా పిల్లలు నష్టపోతున్నారు. దయచేసి ఈ మూడు పనులు చేయండి.

1. సారు ఖాళీ గురించి జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు మళ్లీ రాయండి. ఆ కాగితం నకలు కమిటీకి ఇవ్వండి.

2. దగ్గరలోని ఐటిఐకి, ఆర్టీసీ డిపోకు కబురు పంపండి. కొత్త సారు వచ్చేదాకా నేర్పేవారిని పిలవండి.

3. గది తాళం తీయించండి. పానాలు లెక్క రాయించి, తుడిపించి, నూనె పెట్టించండి.

ఇట్లు,
పిల్లల తల్లులు

కింద తేదీ వేయాలి. అందరూ సంతకాలు చేయాలి. అర్జీ రెండు కాగితాలు రాయాలి. ఒకటి ఇవ్వాలి. రెండో దాని మీద "అందింది" అని రాయించుకుని, బడి ముద్ర వేయించుకోవాలి. అది దాచుకోవాలి. రేపు ఆఫీసుకు వెళ్లినా అదే ఆధారం.

అర్జీ ఇచ్చిన మర్నాడే సారు రాడు. నెల పట్టవచ్చు. ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఈలోపు పిల్లల ఏడాది గడిచిపోతుంది. అందుకే మూడో కోరిక ముఖ్యం. నూనె పెట్టిన పానా తుప్పు పట్టదు. తెరిచి ఉన్న గదికి ఎవరైనా నిపుణుడు వచ్చి నాలుగు రోజులు పాఠం చెప్పగలడు. తాళం వేసిన గదిని ఏడాది తర్వాత అందరూ మరిచిపోతారు. ఖాళీ కూడా కాగితాల్లో మాసిపోతుంది.

అక్కలారా, మీ పిల్లల బడిలో ఇలా తాళం పడిన గది ఏదైనా ఉందేమో రేపే వెళ్లి చూడండి. ఉంటే, తాళం ఎప్పటి నుండి ఉందో అడగండి. ఆ తేదీ మీ చేత్తో రాసుకుని రండి.