కళాశాలోపాధ్యాయుని వేసవి



రచ్చబండ కడ కూర్చుండినవారు మావంటివారిని గుఱించి చెప్పుకొను మాట యొకటి కలదు. రైతునకు నడివేసవిలోను దుక్కి తప్పదు గాని, పంతులుగారికి మాత్రము రెండు నెలలు సెలవులు, కూర్చుండి తినుటకు జీతము నని. ప్రభుత్వ కళాశాలలలో స్థిరోద్యోగము గలవారి విషయమున ఆ మాట కొంతవఱకు నిజమే కావచ్చును. కాని పట్టణములలో నేడు మీ పిల్లలకు పాఠములు చెప్పుచున్నవారిలో అనేకులు ప్రైవేటు కళాశాలల వారు. నేనును వారిలో నొకడను. పల్నాటిలోని ఒక పట్టణమున ఇంటర్మీడియేట్ తరగతులకు తెలుగు చెప్పుట నా వృత్తి. మా వేసవి యెట్లు గడచునో మీకు మనవి చేసెదను.

మార్చి నెలలో పరీక్షలు ముగియుచుండగనే జవాబుపత్రములు దిద్దు శిబిరము ఆరంభమగును. నేను పోయిన శిబిరమున ఒక్కొక్కరికి దినమునకు 30 పత్రము లిచ్చిరి. ఆరు గంటల పనిగా లెక్కించినచో పత్రమునకు 12 నిమిషములు. పిల్లవాడు మూడు గంటలు కూర్చుండి వ్రాసినదానిని అంతలో చదివి, మార్కులు కూడి, అంకెలు వేయవలయును. కొందఱు ప్రశ్ననే మూడుమారులు తిరుగవ్రాసి పుటలు నింపుదురు. కొందఱు చివరి పుటలో తండ్రికి జబ్బనియు, తాము తప్పినచో చదువు మాన్పింతురనియు విన్నపము వ్రాయుదురు. అట్టి విన్నపమునకు మార్కులు వేయు అధికారము మాకు లేదు. చదువక పుట త్రిప్పుటకు మనసొప్పదు.

ఈ పనిలో ఏమరుపాటు ఎంత కీడు చేయునో 2019లో తెలంగాణ ఇంటర్మీడియేట్ ఫలితములు వెలువడినప్పుడు లోకమంతయు చూచినది. తెలుగులో 99 మార్కులు రావలసిన బాలికకు సున్న పడినది. ఆ ఫలితముల యనంతరము ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. తప్పినవారందఱి పత్రములను ప్రభుత్వము మరల పరిశీలింపజేయవలసి వచ్చెను. అది మొదలు నేను ప్రతి కూడికయు రెండుమారులు చేయుదును. ప్రక్కబల్ల మిత్రులు "మేష్టారూ, మీ కట్ట యెప్పటికి తెములును?" అని నవ్వుదురు. నవ్వనిండు.

శిబిరము ముగిసిన పిదప వచ్చునది అసలు ఎండ. మా రెంటచింతల యెండ సంగతి పత్రికలు చదువువారందఱు నెఱిగినదే. ఆ యెండలో మేము పల్లెపల్లెకు తిరిగి, పదవ తరగతి వ్రాసిన పిల్లల యిండ్లు వెదకి, మా కళాశాలలో చేర్పింపుడని తల్లిదండ్రులను ప్రాధేయపడవలయును. యాజమాన్యమువారు తల కొక్కింటికి పదునైదుగురు పిల్లల లెక్క విధించిరి. లెక్క తగ్గినకొలది మే నెల జీతము తగ్గును. చదువు చెప్పుటకు నియోగింపబడినవాడు చదువు నమ్ముటకు బయలుదేరినట్లయినది. "బతకలేక బడిపంతులు" అను సామెత పుట్టిననాడు ఈ కొలువు లేదు. ఉన్నచో సామెత మఱింత కటువుగా నుండెడిది.

ఒక యూర ఒక పెద్దాయన నన్ను అరుగు మీద కూర్చుండబెట్టి, మజ్జిగ యిప్పించి, తిన్నగా నిట్లడిగెను. "మేష్టారూ, మా మనుమడు బై.పి.సి. చదువునట. మొక్కను కోసి చూపించు గది మీ కడ నున్నదా?"

"ఉన్నది బాబాయిగారూ. పరీక్షలకు ముందు పదిదినములు తెఱతురు" అంటిని.

"తక్కిన దినములు?"

"తాళముండును."

ఆయన నవ్వి, రెండవ గ్లాసు మజ్జిగ పోయించి, మనుమని ప్రభుత్వ కళాశాలకు పంపెను. నా లెక్కలో నొకటి తగ్గినది. అయినను ఆ ప్రశ్న మీరందఱును అడుగదగినదే. ప్రయోగశాల తెఱచియుండునా, పాఠము చెప్పువారు యేడాది పొడుగునను ఉందురా, వారికి పండ్రెండు నెలల జీతము ముట్టునా అని అడుగుడు. గోడపటములలోని ర్యాంకులను తరువాత చూడవచ్చును.

నా సొంత బాధ వేఱొకటి కలదు. ఇంటర్మీడియేట్‌లో రెండవ భాషగా తెలుగు వదలి సంస్కృతము తీసికొనువారు నానాటికి పెరుగుచున్నారు. సంస్కృతముపై భక్తిచే నైనచో సంతోషింతును. మార్కులు సులభముగా వచ్చునని మాత్రమే తీసికొందురు. నాగరలిపి కూడ రాక, తెలుగు లిపిలోనే వ్రాసి గట్టెక్కువారు పెక్కండ్రు. రెండేండ్లలో వారికి సంస్కృతము రాదు, తెలుగు పోవును. తెలుగు వాక్యము తప్పు లేకుండ వ్రాయలేని పట్టభద్రుని, బ్యాంకు కాగితము నింపుటకు తాతను అడుగువానిని, మీరును చూచియుందురు. నాకు తరగతులు తగ్గుచున్నవి. తరగతి తగ్గినచో కొలువును తగ్గును. కనుక ఈ విషయమున నా మాటలో స్వార్థము లేదనను.

ఇంత పనిలోను మే నెల నడుమ నాలుగుదినములు చిక్కినవి. భార్యతోను కుమారునితోను మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి, లాంచీలో నాగార్జునకొండ ద్వీపమునకు పోయితిమి. అచ్చట మ్యూజియమున బుద్ధుని కథలు చెక్కిన పలకలు చూచినకొలది చూడబుద్ధి యగును. మూడు నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలో నుండెను. సింహళ భిక్షువుల కొఱకు కట్టిన విహారమును ఇచ్చటనే బయల్పడినది. సాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగునని యెఱిగి 1954 నుండి 1960 వఱకు త్రవ్వకములు జరిపి, దొరికినవానిని ద్వీపమునకును అనుపునకును చేర్చిరి.

నాకు అన్నిటికంటె ప్రియమైన సంగతి వేఱు. 1926లో ఈ చోట ప్రాచీన స్తంభమును చూచి, మద్రాసు ప్రభుత్వమునకు తెలిపినవారు సూరపరాజు వెంకటరామయ్యగారు. ఆయన బడిపంతులు. పశువుల కాపరులు నిత్యము చూచుచుండిన రాతిని చరిత్రగా గుర్తించుటకు పంతులుగారి కన్ను కావలసివచ్చినది. ఈ సంగతి చెప్పగా నా కుమారుడు, "ఆయనకు సెలవులేనా నాన్నా, అప్పుడు?" అని యడిగెను. ఇంతలో నా ఫోను మ్రోగినది. కళాశాల గుమాస్తా. ఇంకను ఆరుగురు తక్కువనియు, ఎప్పుడు తిరిగి వత్తుననియు అడిగెను. నీటి నడుమ నున్నాననగా, ఒడ్డునకు రాగానే మాటలాడుమని ఫోను పెట్టివేసెను.

జూన్ మొదటివారమున కళాశాల తెఱచిరి. నేను చేర్పించినవారు తొమ్మండుగురు. మే జీతము పదివంతులలో ఆరు ముట్టినవి. తెలుగు తీసికొన్నవారు కళాశాల మొత్తము మీద పదునలువురు. మాకు మేడమెట్ల క్రింది గది యిచ్చిరి. గాలి తక్కువ గాని, నల్లబల్ల క్రొత్తది.