గాలివానలు – గ్రామ స్త్రీల జీవనోపాధి
(స్త్రీల సహవాస కూడికలో చేసిన ప్రసంగము)



2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో వరి కోతకాలము. కోసిన పనలు నీట నానినవి; కోయని చేలు నేలకొరిగినవి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగి, కొల్లూరు, భట్టిప్రోలు లంకలలో తోటలను ముంచినది. 1977 ఉప్పెనను ఎరిగిన పెద్దలు మనలో ఉన్నారు. గాలివానలు మనకు క్రొత్తవి కావు. అయితే సముద్రము వేడెక్కిన కొలది వాటి బలమును, వాటితో వచ్చు వానయు హెచ్చుచున్నవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

పంట పోయిన తరువాత లెక్క వ్రాయువారు వత్తురు. పంట ఎవరి పేరున నమోదైనదో వారి పేరే వ్రాయుదురు. నాట్లు వేసి, కలుపు తీసిన సహోదరి పోగొట్టుకొనిన కూలి దినములు ఏ పట్టికలోను ఎక్కవు. కౌలు చేయు విధవరాలి పేరును, చేత కాగితము లేనిచో, ఎక్కదు. మగవారు పనికై పట్టణము పోవుదురు. అప్పును, పిల్లలును, మంచినీటి మోతయు ఆమెకు మిగులును. సమాన వేతన చట్టము 1976లోనే వచ్చినను, మన చేలలో ఆమె కూలి నేటికిని తక్కువే.

మా తప్పును ఒప్పుకొనుచున్నాము. తుఫాను తరువాత బియ్యము పంచినప్పుడు మేమును ఇంటి యజమాని పేరే అడిగితిమి.

సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి తండ్రి స్వాస్థ్యములో భాగమడిగిరి. వారి మాట న్యాయమని దేవుడే తీర్పు చెప్పెను. కనుక ఈ శతాబ్ది సంవత్సరమందు ప్రతి సంఘమును తన కూలి స్త్రీల, కౌలు స్త్రీల పేర్లు వ్రాసి ఉంచవలెను. ఈసారి గాలివాన వచ్చినప్పుడు పోయిన పనిదినములను ఆ పేర్లకెదురుగా వ్రాసి, అధికారుల యొద్దకు పోవుదము. అక్కడ వారే మాటలాడుదురు. మనము వారి వెనుక నిలుతము.