గాంధీమహాత్ములు, గోరాగారు: ఒక అభిప్రాయభేదము



మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో ఒక్క వీధిలోనే తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ వినవచ్చును. ఇట్టిచోట పిల్లలకు తెలుగు మాధ్యమము మేలా, ఆంగ్ల మాధ్యమము మేలా యను ప్రశ్న రాక తప్పదు. అది వచ్చినప్పుడెల్ల మన సమావేశములలో స్వరములు హెచ్చుచున్నవి. కావున వాదించు తీరును గూర్చి ఒక వృత్తాంతము మనవి చేయుచున్నాను.

గోరా యని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు నాస్తికత్వమును ఒక జీవిత దర్శనముగ నిలిపిన తెలుగు తాత్త్వికులు. వృక్షశాస్త్ర బోధకులు. తమ అభిప్రాయములను దాచనందున కొలువు కోల్పోయిరి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. గాంధీమహాత్ములో, రామనామమే ఊపిరిగ బ్రదికినవారు.

1941లో గోరాగారి లేఖకు మహాత్ములు కఠినముగనే బదులు వ్రాసిరి: నాస్తికత్వము ఆత్మనిరాకరణమనిరి, రమ్మని పిలువజాలమనిరి. అయినను గోరాగారి గ్రామసేవ నిష్కపటమని ఆ లేఖలోనే ఒప్పుకొనిరి. నా దృష్టిలో ఆ ఒక్క వాక్యమే తలుపు మూయకుండ నిలిపినది.

1944లో సేవాగ్రామమున ఇరువురును కలిసికొనిరి. దేవుడు లేని మనిషితో ఏమి మాటలాడుదునని మహాత్ములు పరిహాసముగ మొదలిడిరట! విధివ్రాత యని నమ్మినవాడు అన్యాయమును ఎదిరింపడనియు, తన బాధ్యత తనదే యని తెలిసినవాడే ఎదిరించుననియు గోరాగారి వాదము. మహాత్ములు ఓపికతో వినిరి. తమ ఆస్తికత్వమే సరియనిగాని, ఆయన నాస్తికత్వము తప్పనిగాని తాము చెప్పజాలమనియు, ఇరువురును సత్యాన్వేషకులే యనియు పలికిరి. ఇది మెతకదనము కాదు. ఎవ్వరును తమ పట్టు విడువలేదు.

పిదప గోరాగారి కుమార్తె మనోరమను హరిజన యువకున కిచ్చి చేయు పెండ్లిని సేవాగ్రామమున జరిపింప మహాత్ములు అంగీకరించిరి. మంత్రమున దేవుని పేరునకు బదులు సత్యము పేరు నుంచుటకును సమ్మతించిరి. 1948 జనవరి 30న వారు హతులైరి. మార్చిలో ఆ పెండ్లి సేవాగ్రామముననే జరిగెను. గోరాగారు ఈ సంభాషణలను గూర్చి వ్రాసిన గ్రంథమును 1951లో అచ్చొత్తినది మహాత్ములు నెలకొల్పిన నవజీవన్ సంస్థయే. పీఠిక వ్రాసినది గాంధీగారి సన్నిహితులైన కిశోరలాల్ మష్రువాలాగారు.

ఇక మన సంగతి. ఆంగ్లము కోరువారు భాషాద్రోహులు కారు. ఇచ్చటి కర్మాగారములలో బిడ్డకు కొలువు దొరకునా యనునది వారి దిగులు. తెలుగు కోరువారు ఛాందసులు కారు. అవ్వ చెప్పు కథ మనుమరాలికి అర్థము కాని దినము వచ్చునేమో యని వారి భయము. రెండును ఒకే యింట నున్నవి, ఒక్కొక్కప్పుడు ఒకే తల్లి మనస్సున నున్నవి.

వచ్చు సమావేశమున, మాటలాడ లేచినవారు తమకు ముందు పలికినవారి కారణమును వారు ఒప్పుకొనునట్లు మొదట చెప్పి, పిదప తమ కారణమును చెప్పవలెనని కోరుచున్నాను. సభలో పలుకుటకు జంకువారు వ్రాసి పంపవచ్చును. నేనే చదివి వినిపింతును.