మన అచ్చు పనిముట్లు – మన బాధ్యత
(శత వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పాఠశాలల గురించి, ఆసుపత్రుల గురించి చెప్పగల సమర్థులు ఈ సభలో చాలామంది ఉన్నారు. మేము అచ్చాఫీసులో చేతులు నల్లబరచుకొన్నవాళ్లం. అందుకే కమిటీవారు అచ్చు పనిముట్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ నాలుగు మాటలలో మా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉంది. అది తర్వాత మనవి చేస్తాము.

ముందు ఒక చిన్న పరీక్ష. మీ జేబులో ఐదు వందల రూపాయల నోటు ఉంటే తీసి, గాంధీగారి బొమ్మ మీద వేలితో మెల్లగా రాయండి. గరుకుగా తగులుతుంది. ఆ గరుకుదనం కాగితం మీద ఉబ్బెత్తుగా నిలిచిన సిరాది. పూర్వం పెద్ద కార్యాలయాల లెటర్‌హెడ్లు, గొప్పవారి విజిటింగ్ కార్డులు, ఆహ్వాన పత్రికలు ఈ పద్ధతిలోనే అచ్చయ్యేవి.

అది ఎలా చేస్తారో చెబుతాము. పనివాడు రాగి పలక మీద గాని, ఉక్కు దిమ్మ మీద గాని సన్నని ఉలితో అక్షరాలను లోతుగా చెక్కుతాడు. అద్దంలో కనిపించినట్లు కుడి ఎడమలు తారుమారుగా చెక్కాలి. పలకంతా సిరా పూసి, పైనున్న సిరాను శుభ్రంగా తుడిచివేస్తారు. గీతల లోతులో ఉన్న సిరా మాత్రం మిగులుతుంది. అప్పుడు కాగితాన్ని దానిపై పెట్టి బలంగా నొక్కితే, కాగితం ఆ లోతులోకి దిగి సిరాను ఎత్తుకొంటుంది. ముందువైపు అక్షరం పైకి లేస్తుంది. వెనుక తిప్పి చూస్తే నొక్కిన గుర్తు ఉంటుంది. నేడు తడి సిరా మీద పొడి చల్లి, వేడి చేసి అక్షరాలను ఉబ్బించే చౌక పద్ధతి ఉంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అయితే పొడి చల్లిన కార్డు వెనుక ఆ నొక్కు కనబడదు. అసలుకూ అనుకరణకూ తేడా తెలుసుకోవాలంటే కాగితం వెనుక చూడాలని మా పెద్దలు నేర్పారు.

పుస్తకాలు అచ్చువేసే సీసపు అక్షరాలకు కూడా మూలం చేతి చెక్కుడే. ఉక్కు కడ్డీ కొనమీద ఒక్కొక్క అక్షరాన్ని ఎత్తుగా చెక్కుతారు. దానిని పంచ్ అంటారు. ఆ పంచ్‌ను రాగి ముక్క మీద కొడితే అక్షరం గుంటగా పడుతుంది. అది మాట్రిక్స్, అంటే మూస. ఆ మూసలో సీసము, తగరము, ఆంటిమొనీ కలిపి కరిగించిన లోహం పోస్తే టైపు వస్తుంది. టైపు అరిగిపోతే కరిగించి మళ్లీ పోసుకోవచ్చు. పంచ్ పోతే మాత్రం ఆ అక్షరాన్ని చెక్కగల చేయి మళ్లీ దొరకాలి. తలకట్టులు, గుణింతాలు, వత్తులు గల మన తెలుగుకు ఇటువంటి అచ్చులు వందల కొద్దీ కావాలి.

ఈ మాట ఎంత నిజమో శ్రీరాంపురంలో తేలింది. బెంగాలులోని ఆ ఊరిలో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ గారలు నడిపిన మిషన్ ప్రెస్సులో 1812 మార్చి 11 సాయంకాలం నిప్పంటుకొన్నది. కాగితపు నిల్వలు కాలిపోయాయి, టైపులు కరిగి ముద్దలయ్యాయి. కేరీగారు వ్రాసిన తెలుగు వ్యాకరణపు ప్రతి కూడా ఆ మంటలలో పోయింది. మరునాడు బూడిద తవ్వి చూడగా ఉక్కు పంచ్‌లు, మూసలు చెడకుండా దొరికాయి. కరిగిన లోహాన్ని ఏరుకొని, ఆ మూసలలోనే తిరిగి టైపులు పోశారు. కొన్ని వారాలకే అచ్చుపని మళ్లీ సాగింది. తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను అక్కడే వెలువడ్డాయి. కాలిపోయిన కాగితాలను తిరిగి పుట్టించినవి ఆ పనిముట్లే.

ఆ పనిముట్ల వెనుక ఉన్న చేతులను కూడా మరువరాదు. పంచానన్ కర్మకార్ అనే బెంగాలీ పనివాడు చార్లెస్ విల్కిన్స్‌తో కలిసి 1778 నాటి బెంగాలీ వ్యాకరణ గ్రంథానికి అక్షరాలు తయారుచేశాడు. తర్వాత శ్రీరాంపురం చేరాడు. ఆయన పని ఆయనతో ఆగిపోలేదు. అల్లుడు మనోహర్‌కు నేర్పాడు, మనోహర్ ఆ పనిని ఎన్నో ఏండ్లు కొనసాగించాడు.

ఇప్పుడు మా తప్పు. మేము పనిచేసిన చిన్న అచ్చాఫీసులోకి కంప్యూటరు వచ్చిన తర్వాత, టైపు కేసులు చోటు తినేస్తున్నాయని అందరం అనుకొన్నాము. సీసానికి మంచి ధర పలుకుతున్న రోజులు. బేరం కుదిర్చినది మేమే, కాటా దగ్గర నిలబడినది మేమే. ముప్పై ఏండ్లు మా వ్రేళ్లు తడుముకొంటూ ఏరిన అక్షరాలు ఒక్క పూటలో గోతాలలోకి వెళ్లిపోయాయి. ఏ గడిలో ఏ అక్షరం ఉండేదో చిన్న పటమైనా గీసుకోలేదు. ఒక్కొక్క అక్షరానికి ఒక ప్రూఫైనా తీసిపెట్టుకోలేదు. కొంతకాలానికి చినిగిన పాత ఆరాధన క్రమము పుటలను అదే అక్షరాలతో పూరించాలని సంఘ పెద్దలు మమ్మల్ని అడిగారు. మేము తల వంచుకొన్నాము.

మరొక కార్యాలయంలో పాత లెటర్‌హెడ్‌కు అద్దపు ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. దానిని అచ్చువేసిన రాగి పలక మాత్రం పాత సామానులవానికి పోయింది. కాగితాన్ని గౌరవించి, ఆ కాగితానికి తల్లి అయిన పలకను పారవేసినాము. మనలో చాలామంది చేస్తున్నది ఇదే.

ఇలా జరగనవసరం లేదు. బెల్జియం దేశంలో ఆంట్‌వెర్ప్ అనే పట్టణముంది. 1555లో అక్కడ ప్లాంటిన్ అనే ముద్రాపకుడు ప్రెస్సు స్థాపించాడు. ఎనిమిది సంపుటాల బహుభాషా బైబిలు అచ్చువేసినది ఆయనే. ఆ కుటుంబంవారు మూడు వందల ఏండ్లు పంచ్‌లు, మూసలు, చెక్కిన రాగి పలకలు, చెక్క ప్రెస్సులు జాగ్రత్త చేశారు. 1876లో పట్టణమే వాటిని కొని, మరుసటి ఏడు మ్యూజియముగా తెరిచింది. అది 2005లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. మనకంత భవనం అక్కరలేదు. ఒక గది, ఒక తాళపు చెవి, శ్రద్ధగల ఇద్దరు మనుషులు చాలు.

అందుచేత సంఘములకు మా మనవులు ఇవి. మొదటిది, మీ మిషన్ కాంపౌండులో, బడి స్టోరు గదిలో ట్రెడిల్ మిషను గాని, టైపు కేసులు గాని, బ్లాకులు, సీలు దిమ్మలు, రాగి పలకలు గాని ఉంటే, అమ్మే ముందు ఎవరైనా తెలిసినవారికి చూపండి. రెండవది, టైపులను నీళ్లతో కడగవద్దు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, తేమ తగలని చోట ఉంచండి. సీసం విషము గనుక పట్టుకొన్న చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి. మూడవది, ఉక్కు దిమ్మలకు వాజలైను పలుచగా పూసి, కాగితంలో చుట్టి పెట్టండి. ఇసుకతో, చింతపండుతో తోమి మెరిపించవద్దు, సన్నని గీతలు అరిగిపోతాయి. నాల్గవది, చెక్క బ్లాకులను చెదపురుగుల నుండి కాపాడండి. మిషను రోలర్లను లోహానికి ఆనకుండా తీసి విడిగా పెట్టండి.

అయిదవది అన్నిటికంటె ముఖ్యము. ఆ మిషను తొక్కినవారు, ఆ అక్షరాలు కూర్చినవారు మన సంఘాలలో ఇంకా కొందరున్నారు. వారిని కూర్చోబెట్టి, పని చేయించి చూడండి. కంపోజిటరు అక్షరాలను తలక్రిందులుగా పెట్టి ఎడమ నుండి కుడికి ఎలా చదువుతాడో యువకులు వారి ప్రక్కన నిలబడి నేర్చుకోవాలి. పనిముట్టు ఒక్కటే మిగిలి, దానిని వాడే చేయి పోతే అది వట్టి ఇనుమే అవుతుంది.

నూరేండ్ల పండుగలో మనం పాత ఫొటోలకు దండలు వేస్తున్నాము. మంచిదే. ఇండ్లకు వెళ్లిన తర్వాత, మీ స్టోరు గది తలుపు కూడా ఒకసారి తెరిచి చూడండి. మేము కాటా దగ్గర పోగొట్టుకొన్నది మీరు పోగొట్టుకోకూడదన్నదే మా ఆశ.