స్వామి ఎదుట నాటకము



తంజావూరు సీమలో మెలట్టూరు అను గ్రామమున్నది. చుట్టును తమిళ దేశము. అయినను ఏటేటా వైశాఖమున, నృసింహ జయంతి వేళ, వరదరాజస్వామి ఆలయము నెదుట రాత్రివేళ తెలుగు నాటకము జరుగును. దానినే భాగవత మేళమందురు. అచ్యుతప్ప నాయకుడు 510 కుటుంబములకు అచ్చట భూదానము చేసెనని చెప్పుదురు. త్యాగరాజస్వామి కాలమున అచ్చట వేంకటరామశాస్త్రిగారు రచించిన ‘ప్రహ్లాద చరిత్రము’ నేటికిని ఆడబడుచున్నది.

ఆడువారు వృత్తి నటులా? కారు. ఉద్యోగములు చేసికొను గృహస్థులు. సెలవు పెట్టి దూర నగరముల నుండి వత్తురు. ప్రహ్లాదుని తల్లి లీలావతి వేషమును సైతము పురుషులే ధరింతురు. ఇంట తమిళము మాట్లాడువారే పలువురు. మన తెలుగు మాటలను శ్రమించి కంఠస్థము చేసెదరు. మన పిల్లలలో ఎందరికి ప్రహ్లాదుని పద్యమొక్కటి వచ్చునో అడుగుటకు నాకు ధైర్యము చాలదు!

చప్పట్ల కొరకైనచో ఇంత శ్రమ ఎందుకు? వారి దృష్టిలో ప్రేక్షకుడు స్వామియే, మనము ప్రక్కన కూర్చుండు వారము మాత్రమే. నరసింహుని ముఖకవచము ఆలయమున పూజలందుకొనునది. దానిని ధరించువాడు ఆనాడు ఉపవసించును. కవచము తొడిగిన పిమ్మట ఆవేశము కలుగుననియు, అందుచే ప్రక్కవారు అతనిని గట్టిగా పట్టుకొని నిలుతురనియు చూచినవారు చెప్పుదురు. హిరణ్యకశిపు వేషధారి కూడ ఊరివాడే, తోటి భక్తుడే కదా! ఆట ముగిసిన పిదప ఆ కవచము మరల ఆలయమునకే చేరును.